‘కిలోమీటర్ల మేర’ అంటే ఎంత?

ప్రశ్న: హైదరాబాద్‌లో గంట వాన పడితే చాలు, మర్నాడు సిటీ పేజీలో ‘కిలోమీటర్ల మేర బారులు తీరిన వాహనాలు’ అని ఫొటోతో సహా వస్తుంది. ఆ దారినే ఇంటికొచ్చాను, అంత లేదనిపించింది. ఈ కిలోమీటర్లు ఎవరు కొలుస్తారు? – కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: చాలాసార్లు ఎవరూ కొలవరు. బండ్లు ఏ జంక్షన్ నుంచి ఏ జంక్షన్ దాకా ఆగాయో ఫోన్లో కనుక్కుంటారు, ఆ రెంటి మధ్య దూరం రాసేస్తారు. మధ్యలో హాయిగా కదులుతున్న ముక్క కూడా అందులో కలిసిపోతుంది.

ఫొటో సంగతి వేరు. ఫ్లైఓవర్ మీద నిలబడి, దూరాన్ని దగ్గరగా చూపే 200 ఎంఎం లెన్సుతో తీస్తే దూరపు బండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి, మధ్యలో ఖాళీ మాయమవుతుంది. దొంగ ఫొటో అనలేం, కానీ దూరానికి అది సాక్ష్యం కాదు. అలాంటి ఫొటోలో బ్రేక్ లైట్లు చూడండి. అన్నీ ఎర్రగా ఉంటే చాలావరకు ఆగిపోయినట్టే. అక్కడక్కడా మాత్రమే వెలిగి ఉంటే నెమ్మదిగానైనా సాగుతుండొచ్చు.

లెక్క మీరే వేసుకోవచ్చు. ఆగిన ట్రాఫిక్‌లో ఒక కారు, ముందున్న ఖాళీతో కలిపి, సుమారు 6 మీటర్లు తింటుంది. కిలోమీటరు పొడవున మూడు లేన్లు నిండాయంటే దాదాపు 500 కార్లు. పచ్చ లైటు ఉన్నంతసేపు ఒక్కో లేన్ నుంచి రెండు సెకన్లకు ఒక కారు బయటపడుతుంది. రెండు నిమిషాలకోసారి తిరిగే సిగ్నల్‌లో మీ వైపు పచ్చ 40 సెకన్లనుకుంటే మూడు లేన్లకు కలిపి 60 కార్లు. ఆ 500 కార్లూ పోవడానికి 17 నిమిషాలు. మన దగ్గర లేన్ అన్నది పెయింట్‌కే పరిమితం, బైకులు ఏ సందులోంచైనా దూరతాయి, కాబట్టి ఇది ఉజ్జాయింపు మాత్రమే. అయినా ‘మూడు కిలోమీటర్లు’ అని రాసి, కిందే ‘పావుగంట ఆలస్యం’ అంటే రెంట్లో ఒకటి తప్పని పట్టేయొచ్చు.

నీళ్లు నిలిచి మూడు లేన్లలో ఒకటే మిగిలితే ఆ 17 నిమిషాలు కాస్తా 50 అవుతాయి. వాన రోజున రాయాల్సింది అదీ: ఏ పిల్లర్ (మెట్రో లేదా ఫ్లైఓవర్ స్తంభం) నంబర్ దగ్గర, ఎన్ని లేన్లు, ఎంతసేపు మూసుకుపోయాయి అని. ‘వాహనదారులకు నరకం’ అన్న హెడ్డింగ్‌తో ఇవేవీ తెలియవు.

ప్రశ్న: ఏటా ఒకే చోట నీళ్లు, ఒకే వార్త. కారణం ఎందుకు రాయరు? – మెహిదీపట్నం పాఠకురాలు

జవాబు: కారణం బీట్ల (ఒక్కో రిపోర్టర్‌కు అప్పగించిన విభాగాల) మధ్య జారిపోతుంది. ట్రాఫిక్ కబురు వచ్చేది పోలీసుల నుంచి కాబట్టి ఆ వార్త సాధారణంగా క్రైమ్ రిపోర్టర్‌ది. నాలా జీహెచ్‌ఎంసీ చూసేవారిది, డ్రైనేజీ జలమండలి చూసేవారిది, బస్సు ఆర్టీసీ చూసేవారిది. సాయంత్రం జామ్, రాత్రికి పేజీ కట్టేస్తారు. తెల్లారేసరికి నీళ్లు పోతాయి, వార్తా పోతుంది. మర్నాడు పొడి రోడ్డు మీదికి వెళ్లి మురుగు మూత కింద ప్లాస్టిక్ పేరుకుందా, కింద నాలా ఇరుకైందా అని చూసే మనిషి కావాలి. ఆ పని ఎవరి బీటూ కాదు.

మీరు పత్రికకు పంపదలిస్తే తేదీ, సమయం, పిల్లర్ నంబర్, నీళ్లు బైక్ చక్రంలో ఎంత ఎత్తుకు వచ్చాయో తెలిసే ఫొటో పంపండి. డెస్క్ వాళ్లు అలాంటిదాన్ని పక్కన పెట్టలేరు. ఆ చోట ఏ పని మంజూరైంది, ఎంత ఖర్చయింది అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. వానలకు ముందే, మే నెలలో అడిగితే ఇంకా మంచిది.

ప్రశ్న: ‘ప్రపంచంలోనే దారుణమైన ట్రాఫిక్’ ర్యాంకులు నమ్మొచ్చా? – బెంగళూరు తెలుగు పాఠకుడు

జవాబు: అంకెను నమ్మండి, ర్యాంకును పట్టించుకోకండి. టామ్‌టామ్ సంస్థ 2024 లెక్కలో 10 కిలోమీటర్ల ప్రయాణానికి కోల్‌కతాలో సగటున 34 నిమిషాల 33 సెకన్లు, మీ ఊళ్లో 34 నిమిషాల 10 సెకన్లు. తేడా 23 సెకన్లు, అంటే ఒక సిగ్నల్‌లో సగం కూడా కాదు. హెడ్డింగుల్లో మాత్రం ‘బెంగళూరును దాటేసిన కోల్‌కతా’! పైగా సిటీ బస్సు కోసం ఎదురుచూసిన అరగంట ఈ సగటులో ఎక్కడా ఉండదు.

ప్రశ్న: సంక్రాంతికి హైదరాబాద్–విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌ప్లాజా దాటిన వాహనాలు ఇన్ని వేలని టీవీలో స్క్రోలింగ్ వేస్తారు. దాంతో ఏం తెలుస్తుంది? – విజయవాడ పాఠకుడు

జవాబు: 24 గంటల మొత్తంతో బయల్దేరే మనిషికి ఉపయోగం లేదు. ఏ గంటలో ఎన్ని అన్నదే కావాలి. ఫాస్టాగ్‌తో బండికి 10 సెకన్లనుకుంటే ఒక గేటు గంటకు 360 బండ్లను పంపుతుంది. ట్యాగ్‌లో డబ్బులు లేని ఒక్క బండి నిమిషం ఆగిందంటే ఆరు బండ్ల సమయం పోయినట్టే. అందుకే ‘మరిన్ని గేట్లు తెరిచారు’ అన్న వార్త బాగా వినిపిస్తుంది. కానీ పది గేట్లు తెరిస్తే గంటకు 3,600 బండ్లు. అవన్నీ అవతల దూరాల్సింది నాలుగు లేన్ల రోడ్డులో విజయవాడ వైపున్న రెండు లేన్లలోకే. ఆ రెండు లేన్లకూ గంటకు దాదాపు అంతే మోసే శక్తి ఉంది. పదకొండో గేటు తెరిస్తే క్యూ పోదు, టోల్‌ప్లాజా ఇవతలి నుంచి అవతలికి జరుగుతుంది. కెమెరా ఇవతలే ఉంటుంది కాబట్టి టీవీలో మాత్రం రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది.