నోటుబుక్కుకు తాళం సంగతి తర్వాత, అత్తమ్మ అన్నం తిన్నదా?

మిర్యాలగూడ నుంచి ఒక చెల్లె రాసింది. పదో తరగతి నుంచి డైరీ రాస్తోందట, ఇప్పటికి 19 నోటుబుక్కులు. వాటిలోంచే నాలుగు కథలు పుట్టి పత్రికల్లో వచ్చాయి. సద్దుల బతుకమ్మకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ చీర కోసం బీరువా తీసి, ఒక నోటుబుక్కు హాల్లోకి పట్టుకొచ్చి, చుట్టాలందరి ముందు ఒక పేజీ గట్టిగా చదివింది. "ఈమెకు నా చేతులే కనవడతయి, నేను కనవడను" అని అత్తమ్మ గురించి రాసుకున్న పేజీ అది. భర్తేమో అన్నీ కాలబెట్టు, పీడ పోతది అన్నాడు. ఇప్పుడు ఆమె ప్రశ్న: ఫోన్‌లో పాస్‌వర్డ్ పెట్టి రాసుకోవాలా, లేక ఎవరికీ అర్థం కాకుండా సొంత లిపి ఏదైనా తయారు చేసుకోవాలా?

చెల్లే, నీకు ఏది వీలైతే అది చేసుకో. లండన్‌లో పీప్స్ అనే ఆయన 1660 నుంచి తొమ్మిదేళ్లకు పైగా తన డైరీని షార్ట్‌హ్యాండ్‌ గుర్తుల్లో రాసుకున్నాడు, 1825లో దాన్నీ చదివి అచ్చేశారు. రష్యా రచయిత టాల్‌స్టాయ్ ముసలితనంలో తన డైరీని భార్యకు దొరకొద్దని బూటులో దాచాడు, అయినా దొరికింది. 48 ఏళ్ల కాపురం, ఇద్దరూ డైరీలు రాసేవాళ్లే, చివరికి ఆయన 82 ఏళ్ల వయసులో ఇల్లు విడిచిపోయి ఒక రైల్వే స్టేషన్‌లో ప్రాణం వదిలాడు. తాళం వాళ్లను కాపాడలేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆడబిడ్డ మీద పేజీన్నర, మీ ఆయన మీద ఒక పేజీ, అత్తమ్మ మీద మాత్రం ఒకే ఒక్క లైను, "ఆమె ఏమీ అనలేదు, ఆ రాత్రి అన్నం తినలేదు" అని. ఆ లైను రాసి నువ్వు ముందుకు పోయావు, నేను పోలేకపోయాను. ఆమెకు చదువు రాదని కూడా నువ్వే రాశావు. అంటే కోడలు తన గురించి ఏం రాసుకుందో కడుపున పుట్టిన బిడ్డ నోటి నుంచి, పదిమందిలో వినాల్సి వచ్చింది. ఆడబిడ్డ నీ పరువు తీశాననుకుంది గానీ తీసింది తల్లిది.

రాసినందుకు క్షమాపణ అడగమని నేను చెప్పను. రాత్రి పదకొండింటికి గిన్నెలు కడిగి కూర్చున్న మనిషి తన కోపం అక్కడ కాకపోతే ఎక్కడ పెట్టుకుంటుంది? కానీ ఆమె విన్నది ఆ ఒక్క పేజీనే. నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పన్నెండు రోజులు జావ కాచి తాగించిందన్నావు, అది కూడా ఏదో ఒక నోటుబుక్కులో ఉండాలి. లేకపోతే నువ్వు సగమే రాస్తున్నట్టు, అప్పుడు నాకు నీ కథల మీద కూడా అనుమానమే.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆమె పక్కన కూర్చో. ఆ పేజీ నువ్వే మళ్లీ చదివి, ఆ రోజు ఏం జరిగితే అట్లా రాశావో చెప్పు. తర్వాత జావ పేజీ చదువు. తిడితే తిట్టనీ, ఏడిస్తే మాత్రం లేచి వంటింట్లోకి పోకు. డెబ్బై దాటిన మనిషి, మీ వైపే పుట్టింది, 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలేటప్పటికి ఊహ తెలిసిన పిల్ల. మెట్ట చేలు వరి మళ్లు అవుతుంటే కళ్లతో చూసి ఉంటుంది. పద్నాలుగేళ్లు ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు, ఒక్కసారైనా అడిగావా? రచయితనని చెప్పుకున్నావు కాబట్టి అడుగుతున్నాను.

కాలబెట్టే మాటకు మాత్రం ఒప్పుకోవద్దు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, మన పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులను గోల్కొండ కవుల సంచికలో అచ్చేసి చూపించారు. రాసిన కాగితం ఉంది కాబట్టే చూపించగలిగారు. మీ ఆయనకు ఇంట్లో అంత శాంతే కావాలంటే ఆ రోజు తోబుట్టువు చేతిలోంచి నోటుబుక్కు లాక్కోవాల్సింది. ఈ మాట నేనన్నానని చెప్పు, పర్వాలేదు.

ఆడబిడ్డకు ఇప్పుడేం ఫోన్ చేయకు. సంక్రాంతికి వస్తే చీర నువ్వే తీసివ్వు, బీరువా తాళంచెవి నీ కొంగుకే ఉండనీ.