పశ్చిమ అమెరికా గవర్నర్ల సంఘం లోపల ఎవరు ఏం చేస్తారు?

"అమెరికాలో గవర్నర్లు ప్రాంతాలవారీగా సంఘాలు పెట్టుకుంటారట. అవి ఎలా నడుస్తాయి? మన జోనల్ కౌన్సిల్ లాంటివేనా?" అని అడిగారు.

ముందు ఒక మాట. అక్కడి గవర్నర్ మన రాజ్‌భవన్ గవర్నర్ కాదు. ఓట్లతో గెలిచి రాష్ట్రాన్ని నడిపే మనిషి, అంటే మన ముఖ్యమంత్రి లెక్క. మా నాన్నకి ఈ సంగతి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

నాకు దగ్గరగా తెలిసింది పశ్చిమ రాష్ట్రాల గవర్నర్ల సంఘం. అక్కడ ఒక రాష్ట్ర ప్రభుత్వ శాఖలో నాలుగేళ్లు కాంట్రాక్టు మీద డేటా పని చేశాను. సంఘం పనికి కావలసిన అంకెలు మా పై అధికారికి తయారుచేసి ఇచ్చేవాణ్ణి.

రెండు పాత సంస్థలు కలిసిపోయి 1984లో ఈ సంఘం ఏర్పడింది. ఆఫీసు డెన్వర్‌లో. టెక్సాస్ నుంచి అలాస్కా, హవాయి దాకా 19 రాష్ట్రాలు, గ్వామ్ లాంటి 3 పసిఫిక్ దీవుల ప్రాంతాలు ఇందులో ఉన్నాయి. పార్టీలు వేరైనా వీళ్లు ఎందుకు కలిశారంటే, ముఖ్యంగా భూమి. నెవడాలో దాదాపు 80 శాతం భూమి కేంద్ర ప్రభుత్వానిదే. సొంత రాష్ట్రంలో అడవి తగలబడుతుంటే ఆ అడవి మీద గవర్నర్‌కి అధికారం ఉండకపోవచ్చు. కేంద్రంతో ఒక్కో రాష్ట్రం విడివిడిగా మొరపెట్టుకునే కన్నా అందరూ ఒకే కాగితం మీద సంతకం పెడితే బరువు ఉంటుంది.

అధ్యక్ష పదవి ఒక గవర్నర్‌కి ఒక ఏడాదే. ఉపాధ్యక్షుడు సాధారణంగా అవతలి పార్టీ మనిషి, మరుసటి ఏడాది ఆయనే అధ్యక్షుడు అవుతాడు. కాబట్టి ఈ ఏడాది మరీ ఏకపక్షంగా పోతే వచ్చే ఏడాది లెక్క సరిచేసేవాడు పక్క కుర్చీలోనే ఉంటాడు. ఈ సంఘం నిలబడటానికి ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

గవర్నర్లు కలిసే పెద్ద సమావేశాలు ఎండాకాలంలో ఒకటి, చలికాలంలో ఒకటి. ఫొటోలు అక్కడివే వస్తాయి గానీ అసలు పని అప్పటికే అయిపోయి ఉంటుంది. ప్రతి గవర్నర్ తన తరఫున ఒక అధికారిని స్టాఫ్ అడ్వైజరీ కౌన్సిల్‌కి పంపిస్తాడు. తీర్మానాల ముసాయిదాల మీద కుస్తీ పట్టేది వీళ్లూ, డెన్వర్ సిబ్బందీ. ఒకసారి అడవి మంటల తీర్మానంలో కేంద్ర శాఖలు రాష్ట్రాలకు "తెలియజేయాలి" అనాలా, రాష్ట్రాలను "సంప్రదించాలి" అనాలా అని రెండు వారాలు మెయిళ్లు నడిచాయి. నవ్వొచ్చింది. తర్వాత అర్థమైంది: తెలియజేయడం అంటే నిర్ణయం అయిపోయాక ఉత్తరం రావడం. అదే ముసాయిదాకి నేను పాత ఏడాది ఎకరాల లెక్క పంపించేశాను. వేరే రాష్ట్రం ఆవిడ కాల్‌లో అందరి ముందూ పట్టేసింది. ఆ రోజు టెన్షన్ చెప్పనక్కర్లేదు.

తీర్మానం ఆమోదించేది మాత్రం గవర్నర్లే. దానికి మూడేళ్లే ఆయుష్షు, ఆ తర్వాత కొత్తగా రాసి మళ్లీ ఆమోదించుకోవాలి. చట్టబలం ఏమీ ఉండదు. కేంద్ర శాఖలకు రాసే లేఖలకీ, అమెరికా కాంగ్రెస్ కమిటీల ముందు చెప్పే మాటకీ అదే ఆధారం. కొలరాడో నది నీళ్ల వాటాల తగువు కూడా ఇక్కడ తేలేది కాదు. దానికి 1922 నాటి ఒప్పందం వేరే ఉంది. కృష్ణా జలాల గొడవ చూసినవాళ్లకి ఈ జాగ్రత్త ఎందుకో తెలుస్తుంది.

ఇక మన జోనల్ కౌన్సిల్ అంటారా, అది 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంతో వచ్చింది, అధ్యక్షుడు కేంద్ర హోం మంత్రి. పశ్చిమ సంఘంలో కేంద్రానికి కుర్చీయే లేదు. రాష్ట్రాలు తమకు తాముగా చేరతాయి, చందా కడతాయి, ఇష్టం లేకపోతే మానేస్తాయి. దక్షిణాది గవర్నర్ల సంఘం అలాగే 1934లో మొదలై 2016లో మూతపడింది.