పీయూ పెయింట్ కొట్టిన రాత్రే దగ్గు.. సిరప్‌తో సరిపెట్టొద్దు

ప్రశ్న: నా వయసు 46. గుంటూరులో ఉంటాం. నాన్నగారి 1972 మోడల్ అంబాసిడర్‌ని ఇంటి వెనక రేకుల షెడ్డులో నేనే బాగు చేసుకుంటున్నాను. గట్టిగా నిలబడుతుందని హార్డనర్ కలిపే టూకే (రెండు భాగాల) పీయూ, అంటే పాలీయురెథేన్ పెయింట్ తెచ్చి ఆదివారాలు స్ప్రే చేస్తున్నాను. ఎన్95 మాస్క్ పెట్టుకుంటాను. పదకొండేళ్ల మా అబ్బాయి పక్కనే ఉండి సాయం చేస్తాడు. నెల రోజులుగా రాత్రిళ్లు పొడి దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. మిర్చి ఘాటేమో అనుకున్నాను. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వేసుకుంటే తగ్గుతోంది. మా బావగారి ఇన్‌హేలర్ పీలిస్తే హాయిగా ఉంది. ఇంకా ఒక కోటు, పైన క్లియర్ కోటు మిగిలాయి. పని చేసిన రోజు పాలు, బెల్లం తీసుకుంటే సరిపోతుందా? మంచి దగ్గు సిరప్ ఏదైనా చెప్పండి. షుగర్ బోర్డర్‌లో ఉంది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సిరప్ పేరు నేను చెప్పను. దగ్గు రాత్రిపూట రావడం, ఛాతీ పట్టేయడం, ఇన్‌హేలర్‌తో తేలికపడటం, ఇవన్నీ స్ప్రే పని మొదలయ్యాకే కనిపించడం... కలిపి చూస్తే పెయింట్ వల్ల వచ్చిన ఆస్తమా అని గట్టి అనుమానం కలుగుతోంది. మిమ్మల్ని చూడకుండా ఖాయంగా చెప్పలేను. మీ వయసులో ఇలాంటి దగ్గుకు యాసిడిటీ, కొన్ని రకాల బీపీ మాత్రలు, గుండె జబ్బు, టీబీ కూడా కారణం కావచ్చు. అవన్నీ తేల్చుకోవాలి. అప్పటిదాకా స్ప్రే గన్ ముట్టుకోకండి.

పాత డ్యూకో పెయింట్ థిన్నర్ ఆవిరైపోగానే ఆరిపోయేది. మీరు తెచ్చిన పీయూలో మాత్రం హార్డనర్‌లోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు పెయింటుతో కలిసి చర్య జరిపితేనే పొర గట్టిపడుతుంది. 1984లో భోపాల్‌లో లీకైన మిథైల్ ఐసోసయనేట్‌దీ ఇదే కుటుంబం. అయితే అది చాలా తేలిగ్గా ఆవిరయ్యే రకం, హార్డనర్‌లో ఉండేవి అంత త్వరగా ఆవిరి కావు. అందుకని డబ్బాను చూసి హడలిపోనక్కర్లేదు. గన్‌తో సన్నటి తుంపరగా కొట్టినప్పుడే చిక్కు. ఆ తుంపర నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొందరిలో శరీరం ఆ రసాయనాన్ని గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని సెన్సిటైజేషన్ అంటాం. అలా ఒకసారి జరిగిందంటే తర్వాత అతి కొద్దిపాటి తుంపర తగిలినా ఆయాసం రావచ్చు. హార్డనర్ చర్మానికి అంటుకున్నా ఈ అలర్జీ మొదలవ్వొచ్చు, కాబట్టి ఉత్త చేతులతో కలపడం కూడా ప్రమాదమే.

మిర్చి ఘాటు సంగతి గుంటూరు వాళ్లకి నేను చెప్పాలా? ఘాటు తగిలితే తుమ్ములూ దగ్గూ అక్కడికక్కడే వస్తాయి, అక్కడి నుంచి కదిలితే కాసేపట్లో సర్దుకుంటాయి. ఐసోసయనేట్ ఆస్తమా చాలాసార్లు కొన్ని గంటలు ఆగి వస్తుంది. మధ్యాహ్నం స్ప్రే చేస్తే అర్ధరాత్రి దగ్గు. ఆ వ్యవధి వల్లే అసలు కారణం తట్టదు. దుమ్మంటారు, ఏసీ అంటారు. విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చే పెయింటర్లు "పండక్కి ఊరెళ్తే బాగానే ఉంటుందండీ, షెడ్డుకొస్తే మళ్లీ మొదలు" అంటారు. ఆ మాటతోనే సగం జబ్బు అర్థమవుతుంది.

ఎన్95 దుమ్మును ఆపుతుంది గానీ ఆవిర్లను ఆపదు. పైగా మీకు ఘాటుగా వాసన వచ్చేది థిన్నర్. ఐసోసయనేట్లు హాని చేసే మోతాదులో ఉన్నా ముక్కుకు తెలియకపోవచ్చు, కాబట్టి వాసన పోయింది కదా అని మాస్క్ తీసేయడానికి లేదు. ఈ పని చేసేవాళ్లకు కావలసింది బయటి నుంచి శుభ్రమైన గాలి పైపు ద్వారా అందించే మాస్క్, గాలిని బయటికి లాగేసే స్ప్రే బూత్. ఐరోపా సమాఖ్యలో 2023 ఆగస్టు నుంచి వృత్తిగా ఈ రసాయనాలు వాడేవాళ్లు శిక్షణ పొంది ఉండటం తప్పనిసరి చేశారు. రేకుల షెడ్డులో టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని చేసే పని కాదిది.

ఇక మెడికల్ షాపు మాత్రలు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. పేరు కనపడకుండా కత్తిరించిన స్ట్రిప్ ముక్కలు, చిన్న కాగితం పొట్లంలో రెండు పూటలకని నాలుగు మాత్రలు.. మా ఓపీలో రోజూ చూస్తుంటాను. అంత చప్పున దగ్గు తగ్గించే పొట్లంలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. బోర్డర్‌లో ఉన్న షుగర్‌ని అది గీత దాటిస్తుంది. ఊపిరితిత్తుల వాపును తాత్కాలికంగా అణచడంతో, మేము పరీక్ష చేసే రోజున ఫలితం మామూలుగా వచ్చి మోసం చేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, దగ్గు తగ్గిందన్న ధైర్యంతో మీరు మళ్లీ ఆదివారం గన్ పట్టుకుంటున్నారు. మాత్ర వేసుకుని స్ప్రే చేసిన ప్రతిసారీ జబ్బు ముదిరే అవకాశం ఉంది. తొందరగా గుర్తించి ఆ గాలికి దూరమైనవాళ్లలో చాలామంది బాగా కోలుకుంటారు. లాగుతూ పోయినవాళ్లకు పెయింట్ పూర్తిగా మానేశాక కూడా ఆస్తమా మిగిలిపోవచ్చు. నెల రోజులు ఓర్చుకున్నారే, మొదటి వారంలోనే ఎవరికైనా చూపించుకోవాల్సింది కదా!

అయితే ఆ మాత్రలు రోజూ వేసుకుంటుంటే మాత్రం ఇది చదివి ఠక్కున ఆపేయకండి. స్టెరాయిడ్ అయితే డాక్టర్ చూసి క్రమంగా తగ్గించాల్సి రావచ్చు. ఆ స్ట్రిప్ ముక్కలు, హార్డనర్ డబ్బా మీది లేబుల్ ఫొటో తీసుకుని ఈ వారంలోనే పల్మనాలజిస్టును (ఊపిరితిత్తుల డాక్టర్‌ను) కలవండి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో, మంగళగిరి ఎయిమ్స్‌లో ఈ విభాగాలున్నాయి. స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల సామర్థ్యం చూసే ఊదుడు పరీక్ష), ఛాతీ ఎక్స్‌రే, షుగర్ పరీక్ష అవసరం కావచ్చు. ఊపిరి ఎంత వేగంగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న పరికరంలో రోజుకు నాలుగుసార్లు ఊది రాసుకోమంటారు. పెయింట్ వల్లేనా కాదా అని తేల్చుకోవడానికి మళ్లీ ఒకసారి స్ప్రే చేసి చూసే ప్రయత్నం వద్దు. బావగారి ఇన్‌హేలర్ ఆయనకే ఇచ్చేయండి. అందులో ఏ మందుందో కూడా మీరు రాయలేదు. మీకు ఏది కావాలో పరీక్షించాక నిర్ణయిస్తారు.

పాలు, బెల్లం కడుపులోకి పోతాయి, పెయింట్ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు తాగండి, అభ్యంతరం లేదు. షుగర్ బోర్డర్‌లో ఉంది కనక బెల్లం వద్దు.

మిగిలిన కోటు, క్లియర్ కోటు స్ప్రే బూత్ ఉన్న చోట చేయించుకోండి. చేతికి అంటకపోతే ఆరినట్టు కాదు, పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా పట్టొచ్చు. అప్పుడు ఇంటికి తెచ్చుకోండి. పూర్తిగా గట్టిపడిన పెయింటుతో సాధారణంగా ఇబ్బంది ఉండదు, కానీ దాన్ని మళ్లీ గీకడం, దాని మీద వెల్డింగ్ చేయడం మీ చేత్తో వద్దు. బాబును షెడ్డులోకి రానివ్వకండి. అంత పాత కారు అసలు పెయింటులో సీసం ఉండే అవకాశం ఉంది, గీకినప్పుడు లేచే దుమ్ము పిల్లలకు మరీ హాని. వాడికీ దగ్గు, పిల్లికూతలు ఉంటే మీతో పాటే చూపించండి.

ఒక వాక్యం ఆయాసపడకుండా పూర్తి చేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, పల్స్ ఆక్సీమీటర్‌లో 94 కంటే తగ్గినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, బండి మీరే నడుపుకుంటూ రావద్దు.

– పల్మనాలజిస్ట్, విజయవాడ