ఎయిర్ రైఫిల్‌కు ఏ పెల్లెట్ నప్పుతుందో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: మాది కాజీపేట. మా అమ్మాయి ఇంటర్ చదువుతూ హనుమకొండలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. వాడిన పీసీపీ రైఫిల్ (సిలిండర్‌లో ముందే నింపిన గాలితో పేలేది) ఒకటి కొన్నాం. పెల్లెట్ల (రైఫిల్‌లో వేసే చిన్న సీసం గుళ్ల) సంగతి వచ్చేసరికి ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు. అన్నింటికంటే ఖరీదైన డబ్బా కొంటే సరిపోతుందా?

జవాబు:

సరిపోదండి. పుర్రెకో బుద్ధి అన్నట్టు బ్యారెల్‌కో, అంటే రైఫిల్ గొట్టానికో పెల్లెట్. పక్క లేన్‌లో అబ్బాయికి పదుల మీద పదులు తెచ్చిపెడుతున్న డబ్బానే మీ అమ్మాయి రైఫిల్‌లో చెల్లాచెదురుగా పడవచ్చు. రెండు రైఫిళ్లూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి అయినా ఇంతే. నేను హనుమకొండలో చాలా ఏళ్లుగా ఈ ఆటలో ఉన్నాను, పిల్లల రైఫిళ్లకు పెల్లెట్లు పరీక్షించి పెట్టే పని తరచూ నా మీదే పడుతుంది. పేరు చూసి, ధర చూసి ముందే చెప్పగలిగిన సందర్భం నాకు ఎదురుకాలేదు. పేల్చి చూడాల్సిందే.

ఒక పెల్లెట్‌ను అరచేతిలో పెట్టుకుని చూడండి. ముందు తల చదునుగా ఉంటుంది, కాగితానికి గుండ్రటి శుభ్రమైన రంధ్రం పడడానికి. నడుము సన్నం. వెనుక భాగం బోలుగా, పల్చటి అంచుతో ఉంటుంది, అదే స్కర్ట్. తల బ్యారెల్ లోపలి గాడుల మీద ఆనుకుని నడుస్తుంది, స్కర్ట్ గాలి ఒత్తిడికి విప్పారి వెనుక నుంచి గాలి పోకుండా మూసేస్తుంది. తల కొలత 4.5 మిల్లీమీటర్లు అని అందరూ అంటారు కానీ డబ్బా మీది చీటీ చదివితే 4.49, 4.50, 4.51 అని కనిపిస్తుంది. తేడా మిల్లీమీటరులో నూరో వంతే. అయినా ఒక బ్యారెల్‌కు 4.49 వదులై, 4.51 చక్కగా పట్టుకోవచ్చు, మరో బ్యారెల్‌కు అది తారుమారు కావచ్చు. లోడ్ చేసేటప్పుడు బొటనవేలికి కొంత తెలుస్తుంది. తనంతట తాను జారిపోతే వదులు, గట్టిగా నొక్కాల్సి వస్తే బిగుతు. అయితే తీర్పు వేలిది కాదు, కాగితానిది.

ఇక కాగితం లెక్క. 10 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది అనే చుక్క వ్యాసం కేవలం అర మిల్లీమీటరు. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు, చుక్కకంటే తొమ్మిది రెట్లు వెడల్పు. రంధ్రం అంచు ఆ చుక్కను తాకితే చాలు పది కింద లెక్క. అంటే రంధ్రం కేంద్రం టార్గెట్ కేంద్రం నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపు ఉండాలి. అక్కడి నుంచి లోపలికి పావు మిల్లీమీటరుకు ఒక దశాంశం చొప్పున 10.9 దాకా పెరుగుతుంది. ఒకే గురితో వరుసగా పేల్చిన గుళ్ల రంధ్రాల గుంపును గ్రూప్ అంటాం. ఆ గ్రూప్ మొత్తం వెడల్పు, బయటి అంచు నుంచి బయటి అంచుకు, 9.5 మిల్లీమీటర్ల లోపు ఉండి సరిగ్గా మధ్యలో పడితే ప్రతి గుండూ పదే. మంచి రైఫిల్, నప్పిన పెల్లెట్, స్టాండు మీద ఆనించి పేల్చిన గ్రూప్ 6, 7 మిల్లీమీటర్లు దాటకూడదు. ఎనిమిది, తొమ్మిది వస్తోందంటే పెల్లెట్ చెదురే చోటు చాలావరకు తినేస్తోంది, పాపం పిల్ల చేతి వణుకుకు మిగిలేది దాదాపు ఏమీ లేదు.

పెల్లెట్‌ను తిట్టేముందు రైఫిల్‌ను చూడండి. మీరు కొన్నది వాడినది కాబట్టి ఇది మరీ ముఖ్యం. రైఫిల్ కర్రను (భుజానికి ఆనించే భాగాన్ని) బ్యారెల్ భాగానికి బిగించే స్క్రూలు వదులుగా ఉంటే ఎంత గొప్ప పెల్లెట్ పెట్టినా గ్రూప్ రెండు ముక్కలుగా పడుతుంది. వెనుక సైట్‌ను, అంటే గురి చూసే భాగాన్ని, వేలితో కదిపి చూడండి. బ్యారెల్‌ను ఫెల్ట్ ముక్కలతో శుభ్రం చేయించండి. శుభ్రం చేశాక మొదటి కొన్ని గుళ్లు అటూ ఇటూ పోతాయి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. సీసం పొర మళ్లీ సన్నగా పట్టాక బ్యారెల్ కుదురుకుంటుంది. ఒక రకం నుంచి మరో రకం పెల్లెట్‌కు మారినప్పుడూ ఇదే పద్ధతి. గాలి ఒత్తిడి చూపే గేజి ముల్లు పచ్చ భాగంలో ఉండగానే ఒక పరీక్ష పూర్తి చేయాలి, మధ్యలో పంపు కొట్టి ఒత్తిడి మార్చవద్దు.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది, విదేశీ పుస్తకాల్లో దొరకదు. ఏప్రిల్ వచ్చిందంటే రేంజ్‌లో కూలర్ పెడతారు. ఆ గాలి లేన్‌కు అడ్డంగా వీస్తే గుండు పక్కకు జరుగుతుంది. సెకనుకు ఒకటి, రెండు మీటర్ల గాలి చాలు, ఒక వలయం తేడా రావడానికి. ఆ జరుగుడు కూడా అన్ని గుళ్లకూ ఒకేలా ఉండదు, కూలర్ అటూ ఇటూ తిరిగేది అయితే గ్రూప్ అడ్డంగా సాగిపోతుంది. ఓరుగల్లు ఎండలో చెమట కారుతున్నా సరే, పరీక్ష జరిగినంతసేపు దాన్ని ఆపేయండి.

పరీక్ష చేసేది మీ అమ్మాయి నిలబడి కాదు. బల్ల మీద ఇసుక సంచి పెట్టి, ముందు భాగాన్ని దాని మీద ఆనించి, వెనుక భుజానికి తేలిగ్గా తగిలించి, గురి చూసే మనిషి ఎవరైనా సరే ఒక్కరే పేల్చాలి. బిగింపు స్టాండు దొరికితే ఇంకా మేలు. ఇది పీసీపీకి చెప్పిన మాట. స్ప్రింగ్ రైఫిల్ ఉన్నవాళ్లు చదువుతుంటే వాళ్లకు వేరుగా చెప్పాలి. దాన్ని బిగించి పట్టుకోకూడదు, గట్టి వస్తువు మీద ఆనించకూడదు. గుండు బ్యారెల్ దాటకముందే లోపలి పిస్టన్ కుదుపు మొదలవుతుంది. తెరిచిన అరచేతి మీద పెట్టి, దాన్ని తనంతట తాను కదలనివ్వాలి.

ఒక్కో రకానికి ఐదేసి గుళ్ల గ్రూపులు కొన్ని పేల్చండి, ప్రతి గ్రూపుకు కొత్త కాగితం. వెనుక గట్టి అట్ట ఉంటే రంధ్రం చిరగదు. పాత శుభలేఖల అట్టలు దీనికి భలే పనికొస్తాయి, పెళ్లిళ్ల సీజన్ అయ్యాక ఏ ఇంట్లో అడిగినా ఒక కట్ట ఇస్తారు. జిరాక్స్ తీయించిన టార్గెట్ వాడితే మాత్రం నల్లటి భాగం 30.5 మిల్లీమీటర్లు ఉందో లేదో స్కేలుతో కొలవండి. కొన్ని యంత్రాలు కాస్త కుదించి ముద్రిస్తాయి, అప్పుడు రావాల్సిన స్కోరు కంటే తక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది. గ్రూప్ పది మీద పడిందా, పక్కన పడిందా అన్నది ఇప్పుడు మనకు అనవసరం. పక్కన పడితే సైట్ తిప్పుకుంటాం. చూడాల్సింది ఎంత ముద్దగా పడిందన్నదే. ఒక అందమైన గ్రూప్ చూసి ఎవరైనా ఫోటో తీసి పంపిస్తే నేను పట్టించుకోను. ఏ చెత్త పెల్లెట్ అయినా ఎప్పుడో ఒకసారి అలా పడుతుంది. సగటు చూడండి, అందులోని అన్నింటికంటే పెద్ద గ్రూపును ఇంకా శ్రద్ధగా చూడండి, పోటీలో దెబ్బ కొట్టేది అదే. ఐదు గుళ్ల గ్రూపును మరొకరి పది గుళ్ల గ్రూపుతో పోల్చవద్దు. గుళ్లు పెరిగితే గ్రూప్ పెద్దదవడం సహజం.

పేర్లు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ మ్యాచ్. రైఫిల్ రకాలు సుమారు 0.53 గ్రాముల బరువుంటాయి. వీటిలో రెండు మూడు రకాలు, దొరికితే రెండేసి తల కొలతల్లో తెచ్చి చూస్తే చాలు. 500 పెల్లెట్ల డబ్బాలు అన్నీ కొనాల్సిన పని లేదు, రేంజ్‌లో నలుగురు కలిసి పంచుకుంటే ఖర్చు తగ్గుతుంది. డబ్బా మీద తల కొలతతోపాటు లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబరు కూడా ఉంటుంది. నప్పిన డబ్బా తేలగానే ఆ నంబరు రాసుకుని, అదే లాట్‌లో మీ స్తోమత కొద్దీ ఎన్ని వీలైతే అన్ని కొనండి. అదే పేరు, అదే కొలత ఉన్నా లాట్ మారితే పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది.

పెల్లెట్ల వేగం గురించి గొప్పలు చెప్పేవాళ్లను వదిలేయండి. పోటీ రైఫిల్ గుండును సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో పేలుస్తుంది, అంతకుమించి అవసరమూ లేదు. గుండు గుండుకూ ఆ వేగంలో 3 మీటర్ల తేడా వచ్చినా కాగితం మీద ఎత్తులో తేడా అర మిల్లీమీటరు పైచిలుకే. ఇక తూకం. తెలిసిన కంసాలి దగ్గర మిల్లీగ్రాముల త్రాసు ఉందని కొందరు పెల్లెట్లన్నీ తూచి వేరు చేస్తుంటారు. మంచి డబ్బాలో 10 మీటర్ల దూరానికి దానివల్ల ఒరిగేది తక్కువ. దానికంటే ఒక్కో పెల్లెట్‌ను వెలుతురులో తిప్పి స్కర్ట్ చూడండి. నొక్కుకుపోయినవి, అంచు వంగినవి పక్కన పడేస్తే సగం సమస్య తీరుతుంది. డబ్బా జేబులో వేసుకుని బైకు మీద కాజీపేట నుంచి హనుమకొండకు రోజూ గలగలలాడించుకుంటూ వెళ్తే ఎంత ఖరీదైన పెల్లెట్ అయినా అంచులు పాడవుతాయి. కింద, మీద స్పాంజి పెట్టి తీసుకెళ్లమనండి.

ఇప్పుడు అసలు ఖర్చు సంగతి. రోజువారీ సాధనకు ఖరీదైనవి అక్కర్లేదు. మీ అమ్మాయి నిలబడి పేలిస్తే ఇప్పుడు తొమ్మిదులు, ఎనిమిదులు పడుతున్నాయనుకుందాం. ఆ చెదురు చేతిది, పెల్లెట్‌ది కాదు. మన దేశంలో తయారైనవి తక్కువ ధరకు దొరుకుతాయి, వాటిలోనూ ఆనించి పేల్చి కాస్త మెరుగైనది ఎంచుకోండి. పరీక్షించి పెట్టుకున్న లాట్‌ను పోటీకి, పోటీకి ముందు కొద్ది రోజుల సాధనకు దాచండి. 60 గుళ్ల పోటీలో దశాంశాలతో కలిపి గరిష్ఠం 654. అక్కడ ఒక్కో గుండుకు రెండు దశాంశాలు కలిసినా 12 పాయింట్లు, ఎంపిక జాబితాలో చాలా మెట్లు ఎక్కించే తేడా అది. తన సగటు పది దాటాక ఆ ఖర్చు వసూలవుతుంది. అప్పటిదాకా ఆ డబ్బు మంచి షూటింగ్ జాకెట్‌కు పెట్టండి.

రెండు జాగ్రత్తలు. పెల్లెట్ సీసం. నోట్లో పెట్టుకోవడం, పేల్చిన చేతులతో సమోసా తినడం పిల్లలకు మామూలే, మీరే గట్టిగా చెప్పాలి: సబ్బుతో చేతులు కడిగాకే తిండి. రెండోది, ఇంట్లో రైఫిల్ ఉందని తెలిశాక పాకాల వైపు తీసుకెళ్దామనే చుట్టాలు ఎక్కడో ఒకచోట తేలుతారు. అది వన్యప్రాణుల అభయారణ్యం, అక్కడ పిట్ట మీద పేలిస్తే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు అవుతుంది. ఎయిర్ రైఫిలే కదా అంటే అధికారులు వినరు. రైఫిల్ పెట్టెకు తాళం వేసి తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి.