పని చేస్తున్న పాత కోడ్‌ని మొత్తం తిరగరాయాలా, కొంచెం కొంచెంగా బాగుచేసుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. బిల్లింగ్‌లో 1,800 లైన్ల ఫంక్షన్ ఒకటి ఉంది. మార్చాక జవాబు సరిగ్గా వస్తోందో లేదో తనంతట తనే సరిచూసే టెస్టులు లేవు. అందులో కొత్త డిస్కౌంట్ ఒకటి పెట్టమన్నారు. దాన్ని ముట్టుకోవడం కంటే పక్కన కొత్తగా రాసేయడం మేలు కదా అంటున్నారు.

వద్దండీ. నేను ఆ పని చేసి దెబ్బతిన్నాను.

అప్పట్లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో డిస్ట్రిబ్యూటర్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. ఇన్వాయిస్ లెక్కకట్టే జావా ఫంక్షన్ వ్యాట్ కాలం నాటిది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు దానికి ఒక అతుకు, 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఇంకో అతుకు పడ్డాయి. నేను విడిగా బ్రాంచ్ (కోడ్‌కి వేరే కాపీ) పెట్టుకుని మూడు వారాలు కూర్చుని అంతా తిరగరాశాను. ఈలోగా మిగతావాళ్లు అదే ఫైల్‌ని మారుస్తూనే ఉన్నారు. చివర్లో నలభై పాత బిల్లులతో పోల్చి చూస్తే ఏడింటిలో లెక్క తేడా. ఎందుకో నేను చెప్పలేకపోయాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మా లీడ్ నవ్వేసి, బ్రాంచ్ పారేయించారు.

రెండోసారి కోడ్ ముట్టుకోకుండా మొదలుపెట్టాను. మూడొందల పాత బిల్లుల ఇన్‌పుట్ తీసుకుని, ఫంక్షన్ ఏ జవాబు ఇస్తే ఆ జవాబునే ఫైల్లో దాచాను. అది రైటా తప్పా అని చూడలేదు. ఇకమీదట ఏం మార్చినా అవే అంకెలు రావాలి, అంతే. మర్నాడు పొద్దున్నే టెస్టులన్నీ ఫెయిల్! ఫంక్షన్ మధ్యలో ఎక్కడో ఈరోజు తేదీ తీసుకుంటోంది, దాన్నిబట్టి డ్యూ డేట్ మారిపోతోంది. ఆ తేదీని బయటినుంచి పారామీటర్‌గా పంపేలా చేయడమే నేను చేసిన మొదటి మార్పు. మీ దగ్గరా ఇలాంటిది తప్పకుండా ఉంటుంది, ముందు దాన్ని వెతకండి.

తర్వాత ఒక్కో ముక్కే తీశాను. ఇరవై లైన్లు సెలెక్ట్ చేసి, కోడ్ ఎడిటర్ ఇంటెలిజేలో ఎక్స్‌ట్రాక్ట్ మెథడ్ కొట్టి (ఆ లైన్లను విడి ఫంక్షన్‌గా తీసే ఆప్షన్), టెస్టులు నడిపి, కమిట్ (ఆ మార్పుని గిట్ చరిత్రలో దాచడం). పది నిమిషాల పని. ‘టెంప్2’ అనే వేరియబుల్ నిజానికి రవాణా ఖర్చని తెలిసిన రోజు దాని పేరు మార్చాను, ఆ కమిట్‌లో ఇంకేమీ లేదు. టెస్ట్ ఫెయిలై ఎర్రబడితే కారణం వెతుక్కుంటూ కూర్చునేవాణ్ని కాదు. గిట్‌లో వెనక్కి వెళ్లిపోయి, ఇంకా చిన్న ముక్కతో మళ్లీ మొదలుపెట్టేవాణ్ని. పోయేది పది నిమిషాలే కాబట్టి టెన్షన్ ఉండదు. ముళ్లకంప మీద పడ్డ చీరని విడిపించేటప్పుడు ఎవరూ ఒక్కసారిగా లాగరు కదా, ఇదీ అంతే.

మధ్యలో బగ్గులు కనిపిస్తాయి. వెంటనే సరిచేసేయాలని చేయి దురద పెట్టేది అక్కడే. రూ. 10.05 సరుకు మీద 18 శాతం పన్ను 1.81 అని లెక్కకట్టి, దాన్ని సగం చేసి, రౌండ్ చేసి, సీజీఎస్టీ (కేంద్రం వాటా) 0.91, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 0.91 అని మా కోడ్ అచ్చువేసేది. రెండూ కలిపితే 1.82, కింద మొత్తం పన్ను మాత్రం 1.81. విడివిడిగా 9 శాతం కడితే చెరో 0.90 రావాలి. అయినా అప్పుడు సరిచేయలేదు, తప్పు అంకెనే టెస్టులో ఉంచాను. అకౌంట్స్ వాళ్లకు చెప్పి, వాళ్లు సరే అన్నాక వేరే కమిట్‌లో సరిచేశాను. కోడ్ సర్దడం, లెక్క మార్చడం ఒకే కమిట్‌లో కలిపితే రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు దేనివల్లో ఎవరికీ తెలియదు.

ఇంకోటి చెప్పాలి. కస్టమర్ ఏ రాష్ట్రమో దాన్నిబట్టే బిల్లులో పన్ను పడుతుంది. కస్టమర్ స్టేట్ కోడ్ (పన్ను లెక్కల్లో రాష్ట్రానికిచ్చే నంబర్) 28 అయితే పిన్‌కోడ్ చూసే ఒక ‘ఇఫ్’ షరతు ఉండేది. 28 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కోడ్. ఇప్పుడు తెలంగాణకు 36, ఆంధ్రకు 37. పిన్ 50తో మొదలైతే తెలంగాణ అని రాసి, దాని కింద 507తో మొదలయ్యే కొన్ని పిన్‌లను మాత్రం ఆంధ్రకు పంపుతోంది. ఎప్పుడూ నడవని చచ్చిన కోడ్, పైగా తప్పు అనుకున్నాను. తీసేసే ముందు, ఎందుకైనా మంచిదని అక్కడికి వచ్చినప్పుడల్లా నమోదు చేసే ఒక లాగ్ లైన్ పెట్టి రెండు వారాలు ఆగాను. పందొమ్మిది సార్లు ఆ దారిలోకి వెళ్లింది! పాత కస్టమర్ల రికార్డుల్లో 28ని ఎవరూ మార్చలేదు. ఇక ఆ 507 సంగతి: చింతూరు, కూనవరం లాంటి మండలాలు 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రలో కలిశాయి, పిన్‌కోడ్‌లు మాత్రం పాతవే. ఎవరో తెలిసినవాళ్లే రాశారన్నమాట. నా మూడు వారాల తిరగరాతలో నేను ‘శుభ్రం’ చేసిపారేసింది దీన్నే. ఆ ఏడు బిల్లుల్లో నాలుగు ఇక్కడివే.

సుమారు రెండు నెలలు, రోజుకు అరగంట, గంట. ఫంక్షన్ మొత్తాన్ని బాగుచేయలేదు కూడా. ఎవరూ ముట్టుకోని ప్రింటింగ్ భాగం నేను ఆ ఉద్యోగం మానేసేనాటికి అలాగే ఉంది, ఉండనివ్వండి. పన్ను రేట్లు మాత్రం తేదీలతో సహా ఒక టేబుల్లోకి వచ్చాయి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు అక్కడే ఉన్న మిత్రుడు ఆ టేబుల్లో వరసలు చేర్చాడు. పాత బిల్లు సరుకు వాపసు వస్తే పాత రేటే పడుతుంది కాబట్టి ఉన్నవాటిని తీయలేదు.

మేనేజర్‌ని మాత్రం ‘రీఫ్యాక్టరింగ్‌కి (అంటే ఇలా జవాబు మారకుండా కోడ్ సర్దడానికి) నెల కావాలి’ అని అడగకండి, ఇవ్వరు. డిస్కౌంట్ పనికి రెండు రోజులు ఎక్కువ వేసి ఎస్టిమేట్ ఇవ్వండి. ఇప్పుడు డిస్కౌంట్ లెక్క ఎన్ని చోట్ల ఉందో చూశారా? మూడు చోట్ల ఉంటే, కొత్తది రాసే ముందు ఆ మూడింటినీ ఒకటి చేయండి. దానికీ ముందు ఆ పాత బిల్లుల ఫైల్. డేటాబేస్ కనెక్షన్ అడ్డొచ్చి ఫంక్షన్ టెస్టులో నడవకపోతే, ఆ భాగం ఇక్కడ పెట్టండి (కస్టమర్ల పేర్లు తీసేసి), చూస్తాను.