అందరూ చురుకుదనంలోనే పాయింట్లు పోస్తున్నారు. సొంత టేబుల్‌టాప్ ఆటకు స్టాట్స్ ఎలా ఎంచుకోవాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: పాత కోటలో నిధి వెతికే టేబుల్‌టాప్ ఆటను (టేబుల్ చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథగా ఆడే ఆట) తెలుగులో సొంతంగా రాస్తున్నారు. ఎనిమిది స్టాట్స్ (పాత్ర సామర్థ్యాలకు ఇచ్చే అంకెలు) పెట్టారు. బలం, చురుకుదనం, ఓర్పు, తెలివి, జ్ఞానం, మాటకారితనం, ధైర్యం, అదృష్టం. ఒక్కొక్కటి 1 నుంచి 20 దాకా, పంచుకోవడానికి మొత్తం 80 పాయింట్లు. డీ20 (ఇరవై ముఖాల పాచిక) వేసి స్టాట్ కలిపితే కనీసం 25 రావాలి. పాచిక వేయించే ఇరవై సందర్భాల జాబితా కూడా ఇచ్చారు. నలుగురు ఆటగాళ్లూ చురుకుదనం 20 పెట్టుకుని కూర్చున్నారు.

ఆటగాళ్ల తప్పేమీ లేదు, వాళ్లు లెక్క సరిగ్గానే వేశారు. స్టాట్ అంటే మనిషి వర్ణన అనుకుని మొదలుపెడితే ఇలాగే అవుతుంది. ఆటలో స్టాట్ చేసే పని ఒక్కటే, ఏదో ఒక పాచిక ఫలితాన్ని మార్చడం. అందుకే ముందు స్టాట్స్ పేర్లు పక్కన పెట్టండి. మీ కథలో పాచిక వేయాల్సి వచ్చే సందర్భాలు ఇరవై కాగితం మీద రాయండి. ఒక్కో దాని ఎదురుగా, మీ నియమాల ప్రకారం ఏ స్టాట్ కలుపుతారో రాయండి.

మీరు ప్రశ్నలో ఇచ్చిన ఇరవై సందర్భాలను అలా లెక్కపెట్టాను. కత్తి దెబ్బ, బాణం, దెబ్బ తప్పించుకోవడం, ముందు ఎవరి వంతు, గోడ ఎక్కడం, గెంతడం, చప్పుడు కాకుండా నడవడం, తాళం తీయడం, పట్టు విడిపించుకోవడం: ఈ తొమ్మిదీ చురుకుదనానివే. బలం, తెలివి, మాటకారితనాలకు తలా 3. ఓర్పుకు 1, జ్ఞానానికి 1. ధైర్యానికి, అదృష్టానికి సున్నా. ఇరవైలో తొమ్మిది ఒక్క దాని మీదే ఉంటే పాయింట్లన్నీ అటే పోతాయి. నేను పెట్టుకునే హద్దు: ఇరవైలో ఏ స్టాట్‌కూ 5కు మించకూడదు, 3కు తగ్గకూడదు. అలా పంచితే ఐదారు స్టాట్స్‌కే చోటుంటుంది, ఎనిమిది పట్టవు.

మీ జాబితాను నేనైతే ఇలా సర్దుతాను. కత్తి దెబ్బ, గోడ ఎక్కడం బలానికి ఇవ్వండి. బాణం, ముందు ఎవరి వంతు అనేవి 'చూపు' అనే కొత్త స్టాట్‌కు ఇవ్వండి. ముందు చూసినవాడే ముందు కదులుతాడు కాబట్టి టేబుల్ దగ్గర ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఎదుటివాడి అబద్ధం పట్టడం ఒక్కటే జ్ఞానానికి ఉంది, అదీ చూపులోకి వచ్చేస్తుంది. ఇప్పుడు బలం 5, చురుకుదనం 5, చూపు 3.

ఇక పేర్ల సంగతి. తెలుగులో ఆట రాసేటప్పుడు దీని మీద ఎంత శ్రద్ధ పెట్టినా ఎక్కువ కాదు. 'ఓర్పు' అని రాస్తే ఆటగాడు సహనం అనుకుంటాడు, కాపలావాడు తిడుతుంటే కోపం ఆపుకోవడానికి ఓర్పు వేస్తానంటాడు. మీ ఉద్దేశం ఒంటి గట్టిదనం. అలాంటప్పుడు 'దమ్ము' అనండి. తెలివికీ జ్ఞానానికీ తేడా అయితే ఎంత వివరించినా నిలవదు. శాసనం చదవాల్సి వచ్చిన ప్రతిసారీ "తెలివి వెయ్యాలా, జ్ఞానం వెయ్యాలా?" అని ఆట ఆగుతుంది. ఇంగ్లీషులో ఇంటెలిజెన్స్, విజ్డమ్ జంటను 1974 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట నుంచి అలవాటుగా మోసుకొస్తున్నారు. మనం మోయనక్కర్లేదు. తెలివిని తీసేసి 'చదువు' పెట్టండి. 1977లో వచ్చిన ట్రావెలర్ ఆటలోనూ, 1981 నాటి కాల్ ఆఫ్ కథుల్హూ ఆటలోనూ తెలివి వేరు, చదువు వేరు. చదువు అంటే పాత్రకు ఏం తెలుసో అది. చిక్కుముడి విప్పే ఆలోచన ఆటగాడి దగ్గరే ఉంటుంది, పాచిక దాన్ని లాక్కోదు. 'మాటకారితనం' పాత్ర వివరాలు రాసుకునే షీటు మీద పొడుగైపోతుంది, 'మాట' చాలు. "మాట వెయ్యి", "చూపు వెయ్యి" అని నోటికి తేలిగ్గా వస్తే ఆ పేరు నిలుస్తుంది.

ధైర్యం తీసేయండి. పాచిక పడలేదని "నీ పాత్ర భయపడి పారిపోయింది" అంటే, ఆటగాడు చేయాల్సిన నిర్ణయాన్ని మీరు చేసినట్టే. అదృష్టానికి స్టాట్ అక్కర్లేదు, ఒక్కో ఆటకు తలా రెండు చింతగింజలు ఇవ్వండి, గింజ ఇచ్చేస్తే పాచిక మళ్లీ వేయొచ్చు.

ఇప్పుడు ఆరు మిగిలాయి: బలం, చురుకుదనం, దమ్ము, చూపు, చదువు, మాట. వీటిలో దమ్ముకు ఒక్క సందర్భమే ఉంది. హెచ్‌పీ (పాత్ర ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె) దమ్మును బట్టి ఇస్తే సరిపోతుందిగా అనిపిస్తుంది. అక్కడే జాగ్రత్త. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో 18 స్కిల్స్ (నైపుణ్యాలు) ఉంటే కాన్‌స్టిట్యూషన్ (మన దమ్ము లాంటి స్టాట్) కింద ఒక్కటీ లేదు. అయినా హెచ్‌పీ దాని మీదే ఉంది కాబట్టి దాన్ని తగ్గించుకునేవాళ్లు అరుదు. అందరూ తీసుకోక తప్పని స్టాట్ ఎంపికే కాదు, పాయింట్ల మీద పన్ను. మీ ఆటలో హెచ్‌పీ అందరికీ 10 ఇచ్చేయండి. దమ్ముకు విషం తట్టుకోవడం, దిగుడుబావిలో ఊపిరి బిగబట్టడం, రాత్రంతా నడవడం కలపండి.

తర్వాత అంకెలు. మీ లెక్కలో 20 ఉన్నవాడు 5 వేస్తే చాలు, 80 శాతం గెలుపు. 10 ఉన్నవాడికి 30 శాతం. 4 ఉన్నవాడు 20 వేసినా 24 దగ్గరే ఆగిపోతాడు. గెలిచే వీలే లేనప్పుడు పాచిక ఎందుకు వేయించాలి? డీ20లో ప్రతి +1 విలువ 5 శాతం. స్టాట్‌ను –1 నుంచి +4 దాకా కుదించి, 12 రావాలని పెట్టండి. +4కు 65 శాతం, –1కు 40 శాతం. తేడా తెలుస్తుంది, ఎవరికీ తలుపు మూసుకుపోదు.

మీకైతే నేను డీ20 కాకుండా రెండు మామూలు పాచికలనే సూచిస్తాను. ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి, లెక్క కూడా బాగుంటుంది. 8 రావాలనుకోండి. –1 ఉంటే 27.8 శాతం, 0కు 41.7, +1కు 58.3, +2కు 72.2, +3కు 83.3. మొదటి +1 దాదాపు 17 శాతం తెచ్చిపెడితే, +3 నుంచి +4కు వెళ్తే వచ్చేది 8 శాతమే, అప్పటికి గెలుపు 91.7 అవుతుంది. అక్కడ పాచిక వేయడంలో ఉత్కంఠ ఉండదు. +3 దగ్గర ఆపేయండి.

పాయింట్ల ధర సమానంగా పెట్టొద్దు. +1కు 1, +2కు 3, +3కు 6. ఒక్క స్టాట్‌ను మాత్రం –1కు దించుకోవచ్చు, దానికి 1 తిరిగొస్తుంది. మొత్తం 7 పాయింట్లు ఇవ్వండి. అప్పుడు ఒకరు +3, +1 తీసుకుంటారు, ఇంకొకరు +2, +2, +1 తీసుకుంటారు, మరొకరు +2తో పాటు నాలుగు +1లు తీసుకుంటారు. +3, +2 రెండూ కావాలంటే 9 కావాలి, –1తో కలిపినా 8 దాటదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో 27 పాయింట్లతో పంచుకునే పద్ధతి కూడా ఈ సూత్రమే: స్టాట్ స్కోరు 8 నుంచి 13 దాకా మెట్టుకు 1, 14కూ 15కూ మెట్టుకు 2.

షీటు మీద +2 అని మాత్రమే రాయండి, 14 అని రాసి పక్కన +2 రాయొద్దు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో 2000 నాటి మూడో ఎడిషన్ నుంచి స్కోరులో 10 తీసేసి సగం చేస్తే వచ్చేదే బోనస్. 14కూ 15కూ అదే +2, బేసి అంకెతో మామూలుగా ఒరిగేదేమీ లేదు. కొత్తవాళ్లు ప్రతిసారీ పొరపాటున 14నే కలుపుతారు. పాత్‌ఫైండర్ అనే ఆట 2023 రీమాస్టర్‌లో (సవరించిన రూపంలో) స్కోర్లనే తీసేసి బోనస్ ఒక్కటే ఉంచారు.

పాచికలు వేసి స్టాట్స్ నిర్ణయించే పద్ధతి ఒక్క రాత్రి ఆటకు సరదాగా ఉంటుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ తరహా స్కోరుకు మూడు మామూలు పాచికలు వేస్తే సగటు 10.5, 18 రావడం 216లో ఒక్కసారి. నాలుగు వేసి చిన్నది తీసేస్తే సగటు 12.24. మూడు నెలలు సాగే కథలో మాత్రం మొదటి రోజు సరిగ్గా పడనివాడు చివరిదాకా వెనకే ఉంటాడు.

చివరగా పరీక్ష. ఆట మొదలయ్యే ముందు కావాలని రెండు పాత్రలు తయారు చేయండి, ఒకటి +3తో, ఇంకొకటి అన్నీ పంచుకుని. గంటసేపు ఆడించండి. స్టాట్ వాడినప్పుడల్లా దాని పక్కన గీత గీయమనండి. ఒక స్టాట్‌కు ఒక ఆటలో గీత పడకపోతే ఆ రోజు కథలో దానికి పని లేదని అర్థం, తర్వాతి కథలో ఒక శాసనమో దిగుడుబావో పెట్టండి. వరుసగా మూడు ఆటల్లో పడకపోతే దాన్ని పక్కదానిలో కలిపేసి, ఇరవై సందర్భాల కాగితం మళ్లీ లెక్కపెట్టండి.