అమ్మలూ, ఇంటికన్నా ముందు వీధి చూడు

చి.ల.సౌ. అమ్మలుకు,

పెదనాన్న ఆశీస్సులు.

హైదరాబాద్ నుంచి గుంటూరుకు మారుతున్నామని, ఇక్కడ ఇన్నర్ రింగు రోడ్డు పక్కన లిఫ్టు, జిమ్ము ఉన్న మూడు పడగ్గదుల ఫ్లాటు ఒకటి, బ్రాడీపేటలో రెండు పడగ్గదుల పాత వాటా ఒకటి చూశామని, రెంటికీ అద్దె ఇంచుమించు ఒకటేనని రాశావు. నా మాట బ్రాడీపేట వైపే. మీ ఇంట్లో నలుగురున్నారు. బండి నడిపేది నువ్వూ, అల్లుడుగారూ. మనవడు నాలుగో తరగతి, మీ అత్తయ్యగారికి అరవై ఎనిమిదేళ్లు. రింగు రోడ్డు దగ్గరుంటే వాళ్లిద్దరూ గడప దాటాలంటే మీలో ఒకరు ఖాళీగా ఉండాలి. పేటలో ఉంటే కరివేపాకు అయిపోతే ఆవిడే వెళ్లి తెచ్చుకుంటుంది, పిల్లాడు పెన్సిలు తనే కొనుక్కుంటాడు. ఇది చాలా పెద్ద విషయం అమ్మలూ, అద్దె లెక్కలో కనపడదు గానీ.

అలాగని పేటలో ఉన్న ప్రతి ఇల్లూ నడకకు పనికొస్తుందనుకోకు. ముందు దూరం చూసుకో. 'మార్కెట్టు పక్కనే' అని బ్రోకరు అనే మాట లెక్కలోకి తీసుకోవద్దు. ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని బట్టి కొలవాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నిమిషానికి దాదాపు 80 మీటర్లు నడుస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు 50 అనుకో. పది నిమిషాల్లో నువ్వు 800 మీటర్లు పోతే ఆవిడ 500 పోతుంది. వచ్చేటప్పుడు చేతిలో సంచి ఉంటుంది కాబట్టి 400 దగ్గర గీత గియ్యి. పాలు, కూరగాయలు, కిరాణా, మందుల షాపు, ఆవిడ వెళ్లే గుడి ఆ గీత లోపల ఉండాలి. పిండిమర, ఇస్త్రీ, దర్జీ 800 దాకా పోయినా ఇబ్బంది లేదు. బ్యాంకూ బట్టల కొట్టూ ఎంత దూరమైనా సరే, నెలకోసారి పనే కదా. బడికి మాత్రం దూరం కన్నా దాటాల్సిన రోడ్లు చూడు. అరకిలోమీటరే అయినా మధ్యలో మెయిన్ రోడ్డు ఉంటే పిల్లాణ్ణి ఒంటరిగా పంపలేవు.

ఫోను మ్యాపులో గాలిదారి దూరం చూసి మోసపోకు. గుంటూరును రైలు పట్టాలు రెండుగా చీలుస్తాయి. అటు పెద్దాసుపత్రి, ఇటు అరండల్‌పేట, బ్రాడీపేట. కంటికి కనిపించేంత దగ్గరలో ఉన్నదానికి కూడా ఏదో ఒక వంతెనో, రైలు కింది దారో పట్టుకుని చుట్టూ తిరిగి పోవాలి. వంతెన మీద పని మొదలైనా, రైలు కింది దారిలో వాననీళ్లు నిలిచినా ఆ చుట్టు ఇంకా పెరుగుతుంది. అందుకే రోజూ కావలసినవన్నీ పట్టాలకు మీ వైపే ఉండాలి.

ఈ పేటల బలమంతా గళ్లుగా పరిచిన వాటి వీధుల్లోనే ఉంది. చిరునామాలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఒక సందులో తవ్వకాలు జరుగుతుంటే పక్క సందులోంచి పోవచ్చు, నాలుగడుగులు ఎక్కువ, అంతే. మూలమీద కొట్టు పెట్టినవాడికి నాలుగు వైపుల నుంచీ మనుషులు వస్తారు, అందుకే మూలమూలకీ ఏదో ఒక కొట్టు నిలబడుతుంది. గేటెడ్ కాలనీకి ఉండేది ఒకటే గేటు. గోడకు అవతల యాభై మీటర్లలో కొట్టున్నా, గేటు చుట్టి వెళ్లేసరికి అరకిలోమీటరు. దాంతో ఎవరైనా బండి తీస్తారు, బండి తీశాక ఆ పక్క కొట్టుకు ఎందుకు, సూపర్‌మార్కెట్టుకే పోదామంటారు. కొన్నాళ్లకు ఆ కొట్టు మూతపడుతుంది.

కొట్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎన్ని రకాలున్నాయో లెక్కపెట్టు. కొత్తపేటలో ఆసుపత్రుల వీధుల్లో జన సందడికి తక్కువ లేదు, కానీ ఆ సందడి రోగులది, అంబులెన్సులది. పట్నంబజారు కొనడానికి మంచిది, సరుకు దిగే వీధి మీద కాపురం మాత్రం కష్టం. అన్నీ బట్టల కొట్లే ఉన్న వీధి షట్టర్లు దించగానే ఒక్కసారిగా చీకటైపోతుంది. పాలబూతు తెల్లవారకముందే తెరుస్తుంది, టిఫిను సెంటరు ఏడింటికి నిండుతుంది, జిరాక్సు షాపు పగలంతా, మిర్చి బజ్జీల బండి సాయంత్రం, మందుల షాపు రాత్రి పది దాకా. ఇలా ఒకరి తర్వాత ఒకరు వీధిని కాసేచోట ఇల్లు చూసుకో.

ఇల్లు చూడ్డానికి ఆదివారం రాకు. సగం షాపులు మూసి ఉంటాయి, వీధి ప్రశాంతంగా కనిపించి అడ్వాన్సు ఇచ్చేస్తావు. మంగళవారమో బుధవారమో రా, ఒకే ఇంటికి నాలుగుసార్లు వెళ్లు. పొద్దున ఆరున్నరకు చెత్త ఎక్కడ పోస్తున్నారో, మున్సిపల్ నీళ్లు ఎంతసేపు వస్తున్నాయో తెలుస్తుంది. బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడు, ఉప్పగా ఉంటే తాగే నీళ్లకు వేరే దారి అడగాలి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నీడ తెలుస్తుంది. సాయంత్రం అయిదింటికి కోచింగు సెంటర్లు వదిలితే ఎన్ని బైకులు ఆ సందులోకి దూరతాయో తెలుస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు ఎన్ని దీపాలు వెలుగుతున్నాయో, కుక్కలు ఏ మూలన ఉంటాయో చూడు. వాన పడి గంటైన తర్వాత అయిదోసారి వెళ్లగలిగితే ఇంకా మంచిది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, సైడుకాలువ మీద పలక. మన వీధుల్లో చాలాచోట్ల ఫుట్‌పాత్ అంటే అదే. ఒక్కో పలక మీద అంచున కాలు మోపి, ఆ తర్వాత రెండో అంచున మోపు. టక్కుమని చప్పుడైతే దాని కింద సిమెంటు పరుపు పోయిందని అర్థం. ఈ రోజు ఊగుతుంది, రేపు ఒక పక్క దిగుతుంది, ఆ పక్కనే పెద్దవాళ్లు మడమ మెలిపెట్టుకుంటారు. రెండు పలకల మధ్య సందులో నీ బొటనవేలు పడితే చేతికర్ర కొస కూడా పడుతుంది. కాలువ శుభ్రం చేయడానికి పలక ఎత్తినవాళ్లు తిరిగి సరిగ్గా వెయ్యకపోతే ఇనుప కొక్కెం పైకి లేచి ఉంటుంది, చీర కుచ్చిళ్లు తట్టుకునేది దానికే. ఆపైన ప్రతి ఇంటివాళ్లూ బండి ఎక్కించడానికి కట్టుకున్న ర్యాంపులు. పది ఇళ్లకు పది ర్యాంపులుంటే నడక ఎక్కడం దిగడం అవుతుంది, జనం విసిగి రోడ్డు మీదికి దిగిపోతారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం నడిచే చోటు కనీసం 1.8 మీటర్ల వెడల్పు, ఏ అడ్డూ లేకుండా ఉండాలి. అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు మించకూడదు. పాత పేటల్లో అంత దొరకదు. కాబట్టి రోడ్డు మీదే నడవాల్సి వస్తే ఆ సందులో బళ్లు ఎంత జోరుగా పోతున్నాయో చూడు. ఇరుకు సందులో నెమ్మదిగా పోయే బళ్ల మధ్య నడవడం, వెడల్పు రోడ్డు మీద దూసుకుపోయే బళ్ల పక్కన నడవడం కన్నా నయం. ఫుట్‌పాత్ లేనిచోట కుడి పక్కన నడవమని పిల్లాడికి నేర్పు, ఎదురొచ్చే బండి కళ్లకు కనపడుతుంది.

ఇల్లు మెయిన్ రోడ్డు మీద వద్దు. అడ్డరోడ్డులోకి రెండు మూడు ఇళ్లు లోపలికి ఉంటే దీపాలూ మనుషులూ దగ్గరే, హారన్లు మాత్రం తగ్గుతాయి. గ్రౌండు ఫ్లోరు కానీ మొదటి అంతస్తు కానీ తీసుకో. అంతకు పైనైతే లిఫ్టు చెడినరోజు మీ అత్తయ్యగారు ఇంటికే పరిమితం. కింద షాపుంటే దాని జనరేటరు పొగ ఎటు పోతుందో అడుగు. పక్కన కల్యాణ మండపం ఉంటే ఆ ఇల్లు వదిలెయ్యి.

కారు సంగతి నిజం చెప్పాలి, పేటలో దానికి చోటుండదు. డబ్బు లెక్క వేసి చూసుకోండి. రింగు రోడ్డు నుంచి బజారు రెండు కిలోమీటర్లనుకుంటే, రోజుకు మూడుసార్లు పోయి రావడం 12 కిలోమీటర్లు, నెలకు 360. లీటరుకు 15 ఇచ్చే కారుకు 24 లీటర్లు. లీటరు నూట పది అనుకుంటే రెండువేల ఆరువందల పైచిలుకు. అదీ పెట్రోలు ఒక్కటే.

మారిన కొత్తలో చాలామంది చేసే తప్పు ఒకటుంది. హైదరాబాద్ అలవాటున వారానికి సరిపడా కూరలు ఒకేసారి కొంటారు. బరువు సంచి మోసి భుజం పట్టేస్తే, మర్నాటి నుంచి స్కూటరు. అలా కాకుండా రోజుకు అరకిలో, ముప్పావుకిలో తెచ్చుకో. బరువుంటే రెండు చేతులకూ సమానంగా మూడేసి కిలోలు. చక్రాల బుట్ట కొనకు, ఈ పలకల మీద పనికిరాదు.

ఎండ విషయంలో జాగ్రత్త. గుంటూరులో మే మొదటి వారానికి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, వీధికి ఏ పక్కనా గోడ నీడ ఉండదు. చెట్లదే నీడ. మార్చి నుంచి జూన్ దాకా పనులు ఎనిమిది లోపు, లేదా అయిదున్నర తర్వాత పెట్టుకోండి. ఉత్తర దక్షిణాలుగా సాగే వీధిలో పొద్దున తూర్పు వరస ఇళ్ల నీడ, సాయంత్రం పడమటి వరస ఇళ్ల నీడ దొరుకుతుంది, ఆ పక్కన నడవండి. వానాకాలంలో అడుగు కనపడని నీళ్లలో కాలు పెట్టొద్దు, మూత లేని మ్యాన్‌హోల్ దాని కిందే ఉండొచ్చు. కుక్క కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి టీకా వేయించాలి. పసుపూ సున్నం పెట్టనివ్వకు.

తోపుడు బళ్లవాళ్లు దారికి అడ్డమని విసుక్కోకు. రాత్రిపూట వీధికి వెలుగు, తోడు వాళ్లే. వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టమే వచ్చింది. అడ్డం వస్తే బండి ఒక మూర జరపమంటే జరుపుతారు. దీపం వెలగకపోయినా పలక విరిగినా మీ వార్డు ఆఫీసులో చెప్పాలి. దగ్గరి కరెంటు స్తంభం నంబరు, ఒక ఫోటో ఇస్తే పనివాళ్లు వెతుక్కోకుండా నేరుగా వస్తారు.

వచ్చేటప్పుడు కొలటేపు తెచ్చుకో. మీ అత్తయ్యగారిని కూడా వెంటపెట్టుకుని రా. ఇంటి నుంచి కూరగాయల కొట్టు దాకా ఆవిణ్ణే ముందు నడవనిచ్చి, నువ్వు వెనకాల ఉండి ఎక్కడెక్కడ ఆగుతుందో రాసుకో. మూడుసార్లకన్నా ఎక్కువ ఆగితే ఇంకో ఇల్లు చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న